కాన్పుగదిలో మంత్రసాని సంతృప్తి

మంత్రసానితన మొప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలసినదే యని మనలో నొక సామెత కలదు. కచేరిలో గుమాస్తా, పాఠశాలలో ఉపాధ్యాయుడు, పెండ్లి పనులు నెత్తిన వేసికొన్న మేనమామ, ఇష్టము లేని పని తగులుకొన్న ప్రతివాడును ఈ సామెత చెప్పుకొని నవ్వుకొనును. సామెతలోని మంత్రసానికి మాత్రము ఆ పని యెట్లున్నదో అడుగవలెనని ఎవ్వరికిని తోచలేదు. ఒప్పుకొన్నది గనుక పట్టవలెను, అంతే. తరతరములుగా ఆ స్త్రీతో మన సంఘము చేసికొన్న ఒప్పందమంతయు ఈ యొక్క మాటలో ఇమిడి యున్నది. ఈ వారము మేము పాఠకుల ముందుంచ దలచినది ఆ అడుగని ప్రశ్ననే. కాన్పుగదులలో పనిచేయు స్త్రీలకు తమ పనియందు తృప్తి కలదా? కలదో లేదో తెలిసికొను మార్గమేమి?

మా రామన్నపేట ప్రాంతపు పెద్దలకు పాతకాలపు మంత్రసాని జ్ఞాపకముండును. అర్ధరాత్రి తలుపు తట్టినచో లేచి వచ్చునది. బిడ్డను పట్టి, బొడ్డు కోసి, తల్లికి నీళ్లు పోసి, పురుడు వెళ్లువరకు వచ్చిపోవునది. ఆమెకు దక్కినది చాటెడు బియ్యమో, ఒక చీరయో. ఆమె వెళ్లిన పిదప ఆ గదిని కడిగి శుద్ధి చేసికొన్న ఇండ్లును కలవు. ఇందులో కొంత ఆదరము, కొంత అవమానము, మిగిలినది వెట్టి. నల్లగొండ ప్రజలు 1940ల దశకమున వెట్టిచాకిరి నెదిరించి నిలిచిన చరిత్ర లోకమెరిగినదే. ఆ సామెత మాత్రము ఆ పోరాటమునకు చిక్కక తప్పించుకొన్నది.

పాతపద్ధతిని మేము కీర్తించుచున్నామని ఎవ్వరును అనుకొనరాదు. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక ప్రకారము నాటి బ్రిటిషు ఇండియాలో వేయి కాన్పులకు ఇరువది మంది తల్లులు మరణించుచుండిరి. శిక్షణ పొందిన మంత్రసాని అరువదివేల మంది జనమునకు ఒక్కతె చొప్పున ఉండెను. ఆ లెక్కను నేటి లెక్కతో పోల్చి చూడుడు. తెలంగాణమున లక్ష ప్రసవములకు మాతృమరణములు 2011-13 నాటికి 92 కాగా, 2018-20 నాటికి 43కు తగ్గినవి. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఈ రాష్ట్రమున నూటికి 97 కాన్పులు ఆస్పత్రులలోనే జరిగినట్లు తేలినది. ఇది సామాన్య విజయము కాదు. ఈ విజయమును సాధించిన చేతులలో అధికభాగము నర్సులవి, ఏ.ఎన్.ఎం.లవి. వైద్యుడు వచ్చువరకు, వచ్చిన పిదప, వెళ్లిపోయిన పిదపకూడ మంచము ప్రక్కన నిలుచునది ఆమెయే. పేరు మారినది, తెల్లచీర వచ్చినది, ప్రభుత్వ జీతము వచ్చినది. సామెత మారలేదు.

నేటి కాన్పుగదిలో కొలవని వస్తువు లేదు. బిడ్డ బరువును గ్రాములలో తూతురు. నొప్పుల నడుమ వ్యవధిని నిమిషములలో వ్రాయుదురు. గర్భద్వారము ఎంత తెరచుకొన్నదో సెంటీమీటర్లలో గీత గీయుదురు. వర్జీనియా ఆప్గార్ అను అమెరికా వైద్యురాలు 1952లో ఏర్పరచిన పద్ధతి ననుసరించి, పుట్టిన మొదటి నిమిషమున ఒకసారి, అయిదవ నిమిషమున ఒకసారి, శిశువునకు పదింటికి ఇన్ని యని మార్కులు వేయుదురు. భూమిమీద పడి నిమిషము గడవకమునుపే పరీక్ష వ్రాయవలసిన గతి నేటి పిల్లలది! ఇక గదికే మార్కులు వేయు పథకము 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన 'లక్ష్య'. అందు తల్లులలో నూటికి 80 మంది తృప్తి చెందవలెనన్న గురి కూడ పెట్టుకొనిరి. తల్లి తృప్తిని అడుగుట ఎంతయు యుక్తము. ఆస్పత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణములలో ఉద్యోగుల సంతృప్తి యను మాటయు లేకపోలేదు. అయితే చీటీలు వ్రాయు గుమాస్తాకు, మందులిచ్చువానికి, కాన్పు చేయుదానికి ఒకే కాగితము పంచిపెట్టినచో ఆ కాగితము కాన్పుగదిని గూర్చి ఏమి చెప్పగలదు? జీతము ఒకటో తేదీన వచ్చుచున్నదని చెప్పును. త్రాగునీరు కలదో లేదో చెప్పును. అంతకు మించి చెప్పజాలదు.

కొంతకాలము క్రిందట మా బంధువు లొకరి కాన్పుకై ఒక ఆస్పత్రి వరండాలో రాత్రి గడపవలసి వచ్చినది. ఆస్పత్రి పేరు ప్రస్తుతమున కనవసరము. అర్ధరాత్రి దాటిన పిదప ఒక నర్సమ్మ బయటికి వచ్చినప్పుడు, పత్రికవారి దురభ్యాసము చొప్పున, పని యెట్లున్నదమ్మా యని అడిగితిమి. "ఏముంటది సారూ, మంచిగనే ఉన్నది" అని ఆమె లోనికి పోయినది. సర్వే చేయువారు ఆ క్షణమున అక్కడ నుండినచో 'తృప్తికరము' అను గడిలో గీత గీసి ఇంటికి వెళ్లియుందురు. తెల్లవారుజామున చాయ త్రాగుచు అదే మనిషి మరల మాటలాడినది. "ముగ్గురు నొప్పులతోని ఉంటె ఒక్కదాన్ని ఎవల దగ్గర నిలబడాలె సారూ? సదివింది కాన్పులకు, పొద్దంత రాసుడు రిజిస్టర్లు. ఇంకో గంట ఓపిక పడితె మామూలు కాన్పు అయితదని నాకు తెలుస్తనే ఉంటది, నన్ను అడిగేటోళ్లు ఎవరు?" కొంచెము సేపు ఊరకుండి, "పాప ఏడ్వంగనే నా పానం కుదుట పడ్తది. గా ఒక్కదానికే ఈడ ఉంటున్న" అన్నది.

ఒకే రాత్రి, ఒకే మనిషి, ఒకే ప్రశ్నకు రెండు ఉత్తరములు. మొదటిదియు అబద్ధము కాదు. ఒక్క ప్రశ్న వేసి ఒక్క ఉత్తరము పుచ్చుకొని, దానికి నూటికి ఇంత యని లెక్క కట్టు పద్ధతిమీద మాకు నమ్మకము పోయినది ఆనాడే.

ఈ సంగతి ఇప్పుడేల ఎత్తవలసి వచ్చినదన్న, దేశమున మరెచ్చటను లేనంతగా కత్తిమీద ఆధారపడి బిడ్డలను కనుచున్నది మన తెలంగాణము గనుక. 2019-21 సర్వే ప్రకారము నూరు కాన్పులలో భారతదేశ మంతటను 21.5 పెద్ద ఆపరేషనుతో జరుగగా, తెలంగాణమున 60.7 అట్లు జరిగినవి. ప్రైవేటు ఆస్పత్రులలో 81.5, ప్రభుత్వాస్పత్రులలో 44.5. ముహూర్తము చూచి కోయించుకొను కుటుంబములున్నవి. నొప్పులకు వెరచు తల్లులున్నారు. తీరికలేని వైద్యులున్నారు, బిల్లుమీద చూపున్న యాజమాన్యములున్నవి. ఎవరి పాలు ఎంతయో పంచిపెట్టుట ఈ వ్యాసమున మా పని కాదు. సహజముగా కాగల కాన్పును సహజముగా కానిచ్చుటకు ఓపికతో ప్రక్కన కూర్చుండగల మనిషి కావలెను. ఆ మనిషికి ఓపికతోపాటు విద్యయు, విద్యతోపాటు అధికారమును కావలెను.

ఇది గ్రహించియే 2017లో తెలంగాణ ప్రభుత్వము, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషను కలసి కరీంనగర ప్రభుత్వాస్పత్రిలో 30 మంది నర్సులకు పదునెనిమిది మాసముల మిడ్‌వైఫరీ శిక్షణ ఆరంభించిరి. దేశమునకు ఇది మార్గదర్శక మైనది. మరుసటి సంవత్సరము డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము జాతీయ మార్గదర్శక సూత్రములను ప్రకటించి, మిడ్‌వైఫులే నడుపు ప్రసూతి విభాగములు పెద్ద ఆస్పత్రులలో వెలయవలెనని నిర్ణయించినది. 1970ల దశకమున మన ప్రభుత్వములు ఏ.ఎన్.ఎం.ను బహుళ ప్రయోజన కార్యకర్తగా మార్చి, ఆమె శిక్షణను రెండేండ్ల నుండి ఏడాదిన్నరకు కుదించి, టీకాలు, కుటుంబ నియంత్రణ, జాబితాలు ఆమె నెత్తిన పెట్టి, చేతిలోని మంత్రసాని విద్యను మరపించినవి. ఆ తప్పిదమును అర్ధ శతాబ్దమునకు దిద్దుకొన మొదలిడినందుకు సంతోషింపవలసినదే.

అయితే పదునెనిమిది మాసములు చదివి వచ్చిన స్త్రీని ఏమి చేయవలెను? ఆమె తిరిగి వచ్చి మరల సాధారణ వార్డులో సూదులు వేయుచు, సెలవుపై వెళ్లినవారి బదులు రాత్రి పనులు చేయుచు, కాన్పుగదిలో అడుగుపెట్టిన దినమున వైద్యుని కనుసన్న కొరకు ఎదురుచూచుచు నుండినచో, ఆ చదువు ఆమెకు వరమగునా, శాపమగునా? తెలియనివాడు చేయలేకపోవుట ఒక బాధ. తెలిసినవాడు చేయనీయబడకుండుట అంతకు మించిన బాధ. ఈ రెండవ బాధ జీతాల పట్టీలో కనబడదు. దానిని కొలుచుటకే మేము ప్రత్యేకమైన కొలబద్ద కోరుచున్నాము.

ధనముతో తృప్తిని కొనవచ్చునను వారును కలరు. 2022లో రాష్ట్ర ప్రభుత్వము సహజ ప్రసవములను పెంచుటకై ప్రభుత్వాస్పత్రుల సిబ్బంది బృందమునకు కాన్పుకు 3,000 రూపాయల పారితోషికము ప్రకటించినది. ఉద్దేశము మంచిది, అల్పవేతనములు గల కుటుంబములకు ఆ పైకము అక్కరకు వచ్చునదే. అయినను ఇందొక చిక్కు కలదు. మంచి మంత్రసాని వేచియుండుటయు నేర్చినది, వేచియుండరాని క్షణమును గుర్తించి వైద్యుని పిలుచుటయు నేర్చినది. మొదటిదానికి పైకము కట్టి రెండవదానికి కట్టకున్నచో ఆమె వివేకమునకు వెల కట్టినట్లు కాదు, ఫలితమునకు కట్టినట్లు. హెర్జ్‌బర్గ్ అను అమెరికా మనస్తత్వవేత్త 1959లో ప్రచురించిన గ్రంథమున, తక్కువ జీతము అసంతృప్తిని పుట్టించునే గాని ఎక్కువ జీతము మాత్రమే సంతృప్తిని పుట్టింపదనియు, అది పనియందలి గౌరవము, బాధ్యత, సాధన వలన కలుగుననియు వాదించెను. ఆయన ప్రశ్నించినది పిట్స్‌బర్గు నగరపు ఇంజనీర్లను, లెక్కలు వ్రాయువారిని. ఆ సిద్ధాంతము ప్రసూతిగదికి ఎంతవరకు పట్టునో మరల అడిగి తెలిసికొనవలసినదే. ఇంగ్లాండులో అడిగినవారు కలరు. పని మానుకొన్న మిడ్‌వైఫులను ఎందుకు మానితిరని ప్రశ్నించి అచటి మిడ్‌వైఫుల రాజకళాశాల 2002లో ఒక నివేదిక ప్రకటించినది. జీతము చాలక మానినవారికంటె, తాము నేర్చిన రీతిని పని చేయనీయనందున మానినవారి సమూహమే అందులో పెద్దది.

కొలుచు విద్య కొత్తది కాదు. 1935లో హాపక్ అను నాతడు పెన్సిల్వేనియాలోని న్యూహోప్ అను చిన్న ఊరిలో పనిచేసికొను పెద్దలనందరను వారివారి పనులయందు తృప్తిని గూర్చి అడిగెను. రామన్నపేట వంటి ఊరిలోనే ఈ శాస్త్రము తొలియడుగులు వేసినదన్నమాట. యాబదేండ్లకు, 1985లో, స్పెక్టర్ అను పండితుడు 36 వాక్యముల పత్రమును సిద్ధపరచి, తృప్తిని జీతము, పదోన్నతి, పై అధికారి, తోడి ఉద్యోగులు, పని స్వభావము మొదలైన తొమ్మిది పాళ్లుగా విభజించెను. ఇది మనకు పనికివచ్చు మొదటి పాఠము. తృప్తి ఒక ముద్ద కాదు. మా నర్సమ్మకు పని స్వభావమున పూర్ణ తృప్తి, పనియొక్క ఏర్పాటున పూర్ణ అసంతృప్తి. రెండింటిని కలిపి సగము చేసినచో వచ్చు అంకె ఎవరిదియు కాదు.

రెండవ పాఠము డెన్మార్కు దేశమున పుట్టిన ఒక కొలబద్ద నుండి వచ్చినది. అందు అలసటను మూడు విధములుగా వేరు చేసిరి: మనిషి స్వంత అలసట, పని వలని అలసట, తాను సేవించు జనుల వలని అలసట. దానితో బ్రిటనులో దాదాపు రెండువేల మంది మిడ్‌వైఫులను ప్రశ్నించి 2018లో ఫలితములు వెల్లడించిరి. స్వంత అలసట మధ్యమము గాని అంతకు మించి గాని ఉన్నవారు నూటికి 83. పని వలన అట్లు అలసినవారు 67. తల్లుల వలన అలసినవారో, 15.5 మాత్రమే. ఈ మూడవ అంకెను పాఠకులు మరియొకసారి చదువుదురు గాక. ఆ స్త్రీలను కృంగదీసినది మూలుగు కాదు, రక్తము కాదు, రాత్రి జాగరణపు తల్లులు కారు. గది వెలుపల ఎవరో వేసిన ఏర్పాటు. "పాప ఏడ్వంగనే నా పానం కుదుట పడ్తది" అన్న మాటకు వేల మైళ్ల దూరమున దొరకిన సాక్ష్యమిది.

అయినను పరదేశపు పత్రములను తెచ్చి తెలుగులోనికి తర్జుమా చేసి పంచినంత మాత్రమున కార్యము కాదు. 'కొంతవరకు అంగీకరింతును', 'అంగీకరింతును', 'మిక్కిలి అంగీకరింతును' అను మెట్లు మన నోట ఆడునవి కావు. పెద్దలు అడిగినప్పుడు కాదనుట మర్యాద కాదని పెరిగిన ఆడపడుచు అన్నిటికిని 'అంగీకరింతును' అనియే గీత గీయును. కావున భావమును గాక సంభవమును అడుగవలెనని మా తలంపు. గడచిన వారమున ఒకేసారి ఎందరి నొప్పులు చూడవలసి వచ్చినది? ఒక తల్లి చేరినది మొదలు బిడ్డ పుట్టువరకు వీడక ప్రక్కన నుండగల్గిన కాన్పులు ఎన్ని? గడచిన మాసమున కాన్పుగది విడిపించి వేరు వార్డుకు ఎన్ని దినములు పంపిరి? ఆపరేషను నిర్ణయించుటకు ముందు మీ అభిప్రాయము ఎన్నిసార్లు అడిగిరి? తల్లిని నడువనిచ్చుట, కూర్చుండనిచ్చుట, తోడుగా ఆమె తల్లినో అత్తనో నిలువనిచ్చుట మీ చేతిలో నున్నదా? కాన్పు చెడినప్పుడు, బంధువులు గుమిగూడినప్పుడు, మీ ప్రక్కన నిలిచినవారెవరు? రాత్రి వేళ తినుటకు పది నిమిషములు దొరకినవా? విశ్రాంతి గదికి లోపలి గడియ కలదా? ఈ చివరి ప్రశ్నను చూచి నవ్వువారు తమ అక్కనో చెల్లెలినో ఒక రాత్రి ఆ గదిలో నిద్రింప పంపి పిదప నవ్వవచ్చును.

అడుగువారెవరన్నది అడుగు ప్రశ్నకంటె ముఖ్యము. సూపరింటెండెంటు తన గదిలో పిలిచి కాగితమిచ్చి, తానే తిరిగి పుచ్చుకొనునెడల, ఆ కాగితము విజ్ఞాపనమే గాని సాక్ష్యము కాదు. పేరు వ్రాయనక్కరలేదన్నంత మాత్రమునను చాలదు. రామన్నపేట వంటి ఊరి ఆస్పత్రిలో కాన్పుగది నర్సులు వ్రేళ్లపై లెక్కింపదగినంత మంది. 'వయస్సు 34, అనుభవము 11 ఏండ్లు' అని వ్రాసిన తోడనే అది ఎవరి కాగితమో అటెండరు సైతము చెప్పగలడు. ముగ్గురిలో ఒకరు అసంతృప్తులైనచో 33.3 అని దశాంశముతో ప్రకటించుటయు హాస్యాస్పదమే. కావున ఏ ఆస్పత్రి కాగితములను ఆ ఆస్పత్రిలో తెరువక, జిల్లాల మొత్తమున కలిపి లెక్కింపవలెను. 2016 అక్టోబరులో రామన్నపేట నల్లగొండ నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినను, ఈ కార్యమునకు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి మూడింటిని పాత ఉమ్మడి జిల్లాగా ఎంచుట మేలు. పని వదలి వెళ్లినవారిని, బదిలీ కోరుకొన్నవారిని తప్పక వెదకి అడుగవలెను. ఉన్నవారిని మాత్రమే అడిగినచో ఓర్చుకొన్నవారి తృప్తియే మనకు తెలియును.

ఇంకొక ప్రమాదమును ముందే చెప్పి పెట్టుచున్నాము. ఈ అంకె వెలువడిన మరునాడే 'నర్సుల సంతృప్తి 90కి చేర్చుడు' అని ఉత్తరువులు జారీ కావచ్చును. చేరును కూడ. నెల తిరుగకమునుపే 92 అని వ్రాసి పంపు సామర్థ్యము మన కార్యాలయములకు కలదు. అడిగినది శిక్షకు గాని బహుమానమునకు గాని వాడనని ప్రభుత్వము మొదటనే మాట యియ్యవలెను. అట్లే 'తృప్తిగా నున్నాము' అను ఉత్తరములు మెండుగా వచ్చినంతనే సంబరపడరాదు. ఎన్నడును మంచి మంచము చూడనివానికి నులక మంచమే పట్టుపరుపు. కోరిక అణగినచోట తృప్తి అంకె పెరుగును.

పడకలు చాలవు, మత్తు వైద్యులు చాలరు, రక్తము చాలదు, ఇన్ని కొరతలలో మనస్సులు కొలుచుట విలాసము కాదా యని కొందరు మిత్రులు మమ్ము అడిగిరి. పడక విరిగినచో కొత్తది కొనవచ్చును. పదునెనిమిది మాసములు నేర్చిన చేతులు విసుగెత్తి ప్రైవేటు ఆస్పత్రికో, పరదేశమునకో, వంటింటికో వెళ్లిపోయినచో ఆ విద్యయు వెంటనే పోవును. ప్రపంచమున తొమ్మిది లక్షల మంది మిడ్‌వైఫుల కొరత కలదని 2021లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి తదితర సంస్థల నివేదిక తెల్పినది. మన నర్సుల కొరకు ఎదురుచూచు దేశములు పెక్కు కలవు, అవి వారిని అడిగియే తీసికొనిపోవును.

ఈ పనికి కోట్లు అక్కరలేదు. నల్లగొండలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కలదు, నర్సింగు విద్యార్థినులు కలరు. ఒక ఆస్పత్రి వారిని మరియొక ఆస్పత్రి నర్సులను ప్రశ్నింపనిండు. ప్రశ్నలను ముందుగా నలుగురు అనుభవజ్ఞురాండ్రయిన మంత్రసానుల చేతనే చదివించి, వారి నోటికి రాని మాటలను కొట్టివేయుడు. ఒక విడత కాగితముతో, మరియొక విడత తీరిక వేళ నోటిమాటతో అడుగుడు. ఏడాది గడచిన పిదప అవే ప్రశ్నలు మరల వేయుడు. వచ్చిన ఫలితమును ఇంగ్లీషున కట్టగట్టి బీరువాలో దాచక, తెలుగున అచ్చొత్తించి జిల్లా గ్రంథాలయములకు, ఊరూరి పఠన మందిరములకు పంపుడు. మా పత్రికలో దానికి ఎన్ని పుటలు కావలసినను ఇచ్చెదము. ప్రశ్నపత్రము సిద్ధపరచువారు విశ్రాంతి గది గడియను గూర్చిన ప్రశ్నను మాత్రము మరువకుందురు గాక.